సముద్రంలో ప్లాస్టిక్ మీద పరిశోధన చేయాలనుంది, అమ్మేమో బీఈడీ చేయమంటోంది

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది మల్కాపురం. నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవర్. నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరం, జువాలజీ, కెమిస్ట్రీ సబ్జెక్టులు. ఆదివారాలు స్నేహితులతో కలిసి ఆర్కే బీచ్‌లో చెత్త ఏరుతుంటాను. ఏరిన వారానికే మళ్లీ అంతా నిండిపోతుంది. 2050 కల్లా సముద్రంలో చేపల కంటే ప్లాస్టిక్కే ఎక్కువ ఉంటుందని చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. దీని మీద పరిశోధన చేసే సైంటిస్టుని అవ్వాలని ఉంది. అమ్మ బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటోంది. "ముప్పై ఏళ్లొచ్చేదాకా చదువుతూ కూర్చుంటే ఎలా? ఆడపిల్లవి, మగవాళ్ల మధ్య ఓడల మీద తిరుగుతావా?" అంటుంది. నాన్న వద్దనరు గానీ, "సముద్రంలో చెత్తుందని తెలియడానికి పీహెచ్‌డీ ఎందుకమ్మా, నా వల చూస్తే చాలదా" అన్నారు. నాకు ఈత రాదు. ఒకసారి నాన్న బోటెక్కితే ఒకటే వాంతులు. ఈ రంగంలో ఉద్యోగాలు ఉన్నాయా? ఇంతమంది పరిశోధన చేస్తున్నా ప్లాస్టిక్ తగ్గట్లేదు కదా, నేను చేరి ఏం ప్రయోజనం? నా పేరు వేయకండి.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్న తీసుకుంటాను. నీ ఉత్తరంలో అన్నిటికంటే గట్టి ప్రశ్న అదే. గెడ్డలు (వాగులు) పొంగిన వానల తర్వాత కవర్లు ఎన్ని రోజులకి వలకి చుట్టుకుంటాయో, ఏ లోతులో తెగిన పాత వలలు తగులుతాయో, ఏ నెలలో చెత్త ఎక్కువో ఆయనకి తెలిసినంత మా ల్యాబుల్లో కూర్చున్నవాళ్లకి తెలియదు. ఆ జ్ఞానాన్ని తక్కువ చేసేవాళ్లు ఎవరైనా కనిపిస్తే వాళ్ల దగ్గర చదువుకోకు.

కానీ ఆయన బోటు వెనక లాగే ట్రాల్ వల కన్నుల్లోంచి బియ్యపుగింజ జారిపోతుంది. మేం వెతికేదాంట్లో ఎక్కువ భాగం అంతకంటే చిన్నది. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలన్నీ మైక్రోప్లాస్టిక్ కిందకే వస్తాయి. నీటి పైపొరలో వాటికోసం లాగే మాంటా వల కన్ను మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. దారపు పోగులు దాన్నుంచి కూడా తప్పించుకుంటాయి. ఇంకో సంగతి, ఆయనకి తెలిసినదంతా ఆయన తలలోనే ఉంది. ఎక్కడ, ఎన్ని గంటలు వల లాగితే, ఎన్ని కిలోల చెత్త పడింది అని రాసి ఉంటేనే రేపు ఇంకొకరు దాన్ని పోల్చి చూడగలరు. నువ్వు చదవాలనుకుంటున్న చదువు మొదలయ్యేది ఆ రాతతోనే.

ఇప్పుడు 2050 సంగతి. నీ నిద్ర పాడుచేసిన ఆ వాక్యం 2016లో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ విడుదల చేసిన నివేదికలోది. దాని వెనకున్న లెక్క చూడు. నేల మీద నుంచి సముద్రంలోకి వెళ్లే ప్లాస్టిక్‌కి 2015లో జెనా జాంబెక్ అనే శాస్త్రవేత్త బృందం అంచనా కట్టింది. ఒక్క 2010లోనే 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నుల మధ్య ఉండొచ్చని తేల్చారు. కింది అంకెకీ పై అంకెకీ రెండున్నర రెట్లకు పైగా తేడా ఉంది చూశావా? ఆ తేడాని దాచకుండా రాశారు కాబట్టే ఆ పనికి అంత గౌరవం. వాళ్లు ముందుకు చూసింది 2025 దాకానే. నివేదిక రాసినవాళ్లు ఆ పెరుగుదలని అలాగే 2050 దాకా పొడిగించారు. ఇక సముద్రంలో ఉన్న చేపలన్నిటి బరువు ఎంత? అది ప్లాస్టిక్ కంటే కూడా తేలని అంకె. ఊగిసలాడే రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఒక సంవత్సరం పేరు చెప్పారు. సముద్రంలో ప్లాస్టిక్ పేరుకుపోతోందన్నది ముమ్మాటికీ నిజం. ఫలానా ఏడాదికి చేపల్ని మించిపోతుందన్నది కొలిచి తేల్చిన నిజం కాదు.

ఇది చదివి "అయితే అంత భయం లేదన్నమాట" అని నీకు అనిపిస్తే బీచ్‌లో చెత్త ఏరే పని కొనసాగించు, అది మంచి పని, దానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. "మరి అసలు లెక్క ఎలా కట్టాలి?" అని మనసు పీకితే మాత్రం ఈ రంగం నీది. సముద్రం మీద ప్రేమ ఉన్నవాళ్లు చాలామంది వస్తారు. కొలతలో ఓపిక లేక మొదటి ఏడాదిలోనే విసిగిపోయేదీ వాళ్లలోనే ఎక్కువ.

ఆ ఓపిక ఎలాంటిదో చెప్తాను, ఎందుకంటే టీవీలో చూపించేది ఓడ, డాల్ఫిన్, గాలికి ఎగిరే జుట్టు. నిజమైన పని ఇది. ఇసుకో నీళ్లో చేప పొట్టో తెస్తావు. అందులో ఉన్న జీవపదార్థం కరిగిపోయేలా హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచుతావు. చిక్కటి ఉప్పునీళ్లు పోసి తేలినదాన్ని వడకడతావు. వడపోత కాగితాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి గడి గడి చూస్తూ అనుమానం వచ్చిన ప్రతి ముక్కనీ సూదితో ఏరుతావు. తర్వాత కాంతి సాయంతో పదార్థాన్ని గుర్తుపట్టే (దీన్నే స్పెక్ట్రోస్కోపీ అంటారు) ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ యంత్రం ముందు కూర్చుని అది పాలిథీనా, పాలిప్రొపిలీనా, నైలానా, లేక ఒట్టి గవ్వ పెచ్చా అని ఒక్కొక్కటీ తేలుస్తావు. కంటితో చూసి ప్లాస్టిక్ అనుకున్నవి యంత్రం ముందుకి వెళ్లాక కాదని తేలడం మామూలే. ఓడ మీద గడిపేది కొన్ని వారాలైతే ఈ బల్ల ముందు గడిపేది నెలలు, ఏళ్లు.

పైగా ప్రతిసారీ ఒక ఖాళీ నమూనా నడపాలి. ఏ ఇసుకా వేయకుండా, శుభ్రమైన నీళ్లతో అదే పని మొదటి నుంచి చివరిదాకా చేయాలి. అందులోనూ పోగులు కనిపిస్తాయి! ఎక్కడివి? గాలిలోవి, ఏసీలోవి, ఎక్కువగా మన ఒంటి మీదవి. పాలిస్టర్ చున్నీ వేసుకుని బల్ల దగ్గర కూర్చుంటే బంగాళాఖాతంలో దొరికిందని నువ్వు రాసేది నీ చున్నీయే కావచ్చు. అందుకే ఈ ల్యాబుల్లో నూలు బట్టలు, నూలు కోటు, గాజు సామాను. ఖాళీ నమూనాలో వచ్చిన సంఖ్యని చెప్పకుండా అచ్చేసిన పేపర్లని నేను నమ్మను. నువ్వూ నమ్మకు.

నీ కెమిస్ట్రీ ఇక్కడే అక్కరకొస్తుంది. సముద్రపు నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.025 గ్రాముల దగ్గర ఉంటుంది. పాలిథీన్, పాలిప్రొపిలీన్ 1 కంటే తక్కువ కాబట్టి తేలతాయి. వాటర్ బాటిల్ చేసే పెట్ 1.38, అది మునుగుతుంది. మూత బిగించి ఉన్నంతసేపూ బాటిల్ లోపలి గాలి వల్ల తేలుతుంది. మూత ఊడితే బాటిల్ అడుక్కి పోతుంది, మూత వేరే ప్లాస్టిక్ కాబట్టి తేలుతూ ఒడ్డుకి వస్తుంది. మీరు బీచ్‌లో ఏరిన వాటిలో బాటిళ్లు తక్కువగా, మూతలు ఎక్కువగా ఉన్నాయా? ఒకసారి విడిగా లెక్కపెట్టి చూడు. తేలేవి కూడా నాచు, చిన్న గుల్లజీవులు పట్టి బరువెక్కి మునిగిపోతాయి. సముద్రం మీద తేలే ప్లాస్టిక్ ముక్కల్ని 1972లోనే కార్పెంటర్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో గుర్తించి రాశారు. 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం మైక్రోప్లాస్టిక్ అన్న మాట వాడుతూ, ఇంత ప్లాస్టిక్ సముద్రంలోకి వెళ్తుంటే అదంతా ఎక్కడుందని అడిగింది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ పూర్తి జవాబు రాలేదు. బంగాళాఖాతం విషయంలోనైతే చేయాల్సిన పని ఇంకా ఎక్కువ.

ఎక్కువెందుకంటే మన తీరం వెంట నీటి ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణం వైపు. మార్చిలో ఆర్కే బీచ్‌కి కొట్టుకొచ్చిన డబ్బా కాకినాడ వైపు నుంచి వచ్చి ఉండొచ్చు, నవంబరులో వచ్చింది ఒడిశా వైపు నుంచి. లేదా ఏ ప్రవాహంతోనూ పని లేకుండా మొన్నటి వానకి మన గెడ్డల్లోంచే వచ్చి ఉండొచ్చు. ఎవరి చెత్త ఎవరి ఒడ్డుకి చేరుతోందో తేలాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏడాది పొడుగునా లెక్క కావాలి. విశాఖకి ఈ అలవాటు పాతదే. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఓషనోగ్రఫీకి పునాది వేశారు. మన తీరంలో అడుగు నీళ్లు పైకి ఎలా వస్తాయో ఇక్కడి విద్యార్థులతో కలిసి కొలిచారు.

"నేను చేరి ఏం ప్రయోజనం" అన్నావు. దీనికి ఓదార్పు మాటలు చెప్పను, రెండు ఓడల సంగతి చెప్తాను. 2021 మేలో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే కంటైనర్ ఓడ కాలిపోయింది. ప్లాస్టిక్ సామాన్లు తయారుచేసే ముడిగుళికలు, నర్డిల్స్ అంటారు, దాదాపు 1,680 టన్నులు సముద్రం పాలయ్యాయి. 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు ఆ నష్టానికి 100 కోట్ల డాలర్లు కట్టమంది. 2025 మేలో కేరళ దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగింది, అక్కడి ఒడ్డుకీ ఆ తెల్ల గుళికలు కొట్టుకొచ్చాయి. ఇలాంటప్పుడు ఓడ తరఫు లాయరు అడిగే ప్రశ్న ఒకటుంటుంది. "మా ఓడ మునగకముందు మీ బీచ్‌లో ఈ గుళికలు లేవా? ఎన్ని ఉండేవి?" ప్రమాదం జరిగాక ఆ లెక్క ఎవరూ తీయలేరు. విశాఖ రేవు పట్టణం. పక్కన గంగవరం ఉంది. రోజూ ఓడలు వచ్చిపోతుంటాయి. యారాడలో, అప్పికొండలో, జాలరిపేట దగ్గర, భీమిలిలో గోస్తనీ కలిసేచోట ఈ రోజు ఎన్ని గుళికలున్నాయో రాసి పెట్టినవాళ్ల కాగితం, రేపు అలాంటి రోజు వస్తే మీ నాన్నగారిలాంటి వాళ్లకి రావాల్సిన నష్టపరిహారానికి ఆధారమవుతుంది. రాకపోతే సంతోషం, ఆ కాగితం సైన్సుకి పనికొస్తుంది.

పరిశోధన వల్ల చట్టాలు రావన్నది కూడా నిజం కాదు. ఫేస్‌వాష్‌లలో ప్లాస్టిక్ పూసలు నీళ్లలోకి చేరుతున్నాయని చూపించాక 2015లో అమెరికా వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి కొన్ని రకాల సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం ఉంది. అది ఎంతవరకు అమలవుతోందో నీకు నేను చెప్పక్కర్లేదు, నువ్వే ఏరుతున్నావు. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకుందామని 2022లో నిర్ణయించుకుని, 2025 ఆగస్టులో జెనీవాలో కూడా ఏ ముగింపూ లేకుండా లేచిపోయాయి. నాకూ బాధగానే ఉంటుంది. ఒప్పందం చేయించడం మన చేతిలో లేదు. దాని బల్ల మీద పెట్టే అంకెలు తప్పుల్లేకుండా ఉండేలా చూడటం మన చేతిలో ఉంది.

నీకు మాత్రమే వచ్చే ఒక చిక్కు కూడా చెప్పాలి. మత్స్యకారుల ఇంటి పిల్లవి. రేపు నువ్వు కవ్వళ్లలో, కానాగంతల్లో, నెత్తళ్లలో ప్లాస్టిక్ లెక్కపెడతావు. దొరుకుతుంది. "విశాఖ చేపల్లో ప్లాస్టిక్" అని పేపర్లో హెడ్డింగు వస్తే ఆ మర్నాడు దెబ్బ తగిలేది హార్బర్‌లో గంప ముందు కూర్చున్న ఆడవాళ్లకి. నిజం దాచమని అనడం లేదు, ఎప్పుడూ దాచకు. పూర్తిగా చెప్పు. ముక్కలు ఎక్కువగా కనిపించేది పొట్టలో, పేగుల్లో. వంజరంలాంటి పెద్ద చేపని శుభ్రం చేసినప్పుడు అవి చాలావరకు పోతాయి. నెత్తళ్లని ఎండబెట్టి పొట్టతో సహా తింటాం కాబట్టి అక్కడ జాగ్రత్తగా చూడాలి. ఎన్ని చేపలు కోశావు, ఎన్నింట్లో దొరికింది, ఖాళీ నమూనాలో ఎంత వచ్చింది, మనిషి ఆరోగ్యం గురించి ఈ లెక్క ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నీ ఒకే ఊపులో చెప్పాలి. విలేకరి ఫోన్ చేసినప్పుడు తొందరపడని వాళ్లు ఈ రంగానికి చాలా అవసరం. సముద్రం మధ్యలో తేలే చెత్త విషయంలోనూ ఇంతే. ఉత్తర పసిఫిక్‌లో పేరుకున్న చెత్త మీద 2018లో వచ్చిన అధ్యయనంలో బరువు ప్రకారం 46 శాతం వలలేనని తేలింది. ఆ మాట వినగానే చేపల వేటకి వెళ్లేవాళ్లని దొంగల్లా చూసేవాళ్లుంటారు. వల ఎందుకు తెగుతుందో, పోగొట్టుకున్న వల ఖరీదు ఒక కుటుంబానికి ఎంతో తెలిసిన మనిషి అలాంటి చర్చ జరిగే గదిలో ఉండాలి. ఒడ్డుకొచ్చిన వల ముక్క చూసి ఇది ట్రాల్‌దా, ఒడ్డు నుంచి లాగే అలివి వలదా, మన బోట్లదేనా అని చెప్పగలిగేది మీ నాన్నగారే.

ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. వచ్చే ఆదివారం నుంచి ఏరడానికి ముందు లెక్కపెట్టు. ఆర్కే బీచ్‌లో మున్సిపాలిటీవాళ్లు రోజూ ఊడుస్తారు కాబట్టి అక్కడ కాదు, ఊడవని చోటు చూసుకో. వంద మీటర్ల ముక్క గుర్తుపెట్టుకుని నెలకోసారి అదే ముక్కలో మూతలు, కవర్లు, వల ముక్కలు, థర్మోకోల్, చెప్పులు వేరువేరుగా లెక్క రాయి. తేదీ, పోటా ఆటా, గాలి ఎటు, ముందు వారంలో వాన పడిందా అన్నవీ రాయి. పోటు నీళ్లు ఆగిన గీత మీద అర మీటరు చదరం గీసి, పైనున్న అయిదు సెంటీమీటర్ల ఇసుకని స్టీలు గరిటెతో తీసి జల్లించు. ఇంట్లో ఉప్పునీళ్లతో తేల్చి చూడాలనుకుంటే లీటరుకి 350 గ్రాముల దాకా రాళ్ల ఉప్పు పడుతుంది. ఆ ఉప్పునీళ్లని ముందే సన్నగా వడకట్టుకో, సముద్రపు ఉప్పులోనే మైక్రోప్లాస్టిక్ ఉంటుంది. పెట్, పీవీసీ అందులో తేలవని కూడా రాసుకో. ఒక ఏడాది ఇలా రాసిన పుస్తకం పట్టుకుని లాసన్స్ బే కాలనీలోని ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రానికో, పాండురంగాపురంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రానికో వెళ్లి ఎమ్మెస్సీ ప్రాజెక్టు అడిగితే నీ మాటకి ఉండే విలువే వేరు.

చదువు దారి చెప్పడం తేలిక, నడవడం కష్టం. ఏపీ పీజీసెట్ రాసి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ లేదా కెమిస్ట్రీ వైపు ఎమ్మెస్సీ చేయొచ్చు. బయటికి వెళ్లగలిగితే కొచ్చిన్ యూనివర్సిటీ, గోవా యూనివర్సిటీ, అన్నామలై వాళ్ల పరంగిపేట కేంద్రం ఉన్నాయి. నన్నడిగితే ప్లాస్టిక్ పనికి కెమిస్ట్రీ బలంగా ఉన్నవాళ్లు తక్కువ, అందుకే దాన్ని వదలొద్దంటాను. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలోనే పరిశోధన ఫెలోషిప్ కోసం పెట్టే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాయొచ్చు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ అంటే అమ్మానాన్నల డబ్బుతో కూర్చుని చదవడం కాదని మీ అమ్మగారికి చెప్పు.

ఉద్యోగాల గురించి తీపి మాటలు చెప్పను. ఎన్ఐఓ, చెన్నైలోని ఎన్‌సీసీఆర్ (తీర పరిశోధన కేంద్రం), ఎన్ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ), హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), సీఎంఎఫ్ఆర్ఐ, యూనివర్సిటీలు... శాశ్వత సైంటిస్టు పోస్టులు వీటన్నిటిలో కలిపినా తక్కువే. పీహెచ్‌డీకి అయిదేళ్లు, ఆ తర్వాత కొన్నేళ్లు ప్రాజెక్టుల మీద, కాంట్రాక్టుల మీద గడపాల్సి రావచ్చు. ముప్పై ఏళ్లొచ్చేదాకా అని మీ అమ్మగారు అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఈ పనిలో నేర్చుకునే నమూనాల విశ్లేషణ, స్పెక్ట్రోస్కోపీ, గణాంకాలు ల్యాబ్ బయట కూడా అమ్ముడుపోయే నైపుణ్యాలు. నీటి పరీక్షల ల్యాబులు, పర్యావరణ ప్రభావ అంచనాలు చేసే సంస్థలు, ఉత్పత్తిదారులే తమ ప్లాస్టిక్ వ్యర్థాలకి బాధ్యత వహించాలన్న నిబంధనల కింద కంపెనీలు పెట్టుకుంటున్న ఉద్యోగాలు, కాలుష్య నియంత్రణ మండలి, ఇవన్నీ ఉన్నాయి. సైంటిస్టు అన్న హోదా రాకపోయినా తిండి పెట్టే పని దొరుకుతుంది.

ఈత నేర్చుకో, ఇప్పుడే. ఉద్యోగానికి అడుగుతారని కాదు, నీళ్ల దగ్గర పనిచేసే మనిషికి అది ప్రాణరక్ష. వాంతుల గురించి బెంగ పడకు. ఏళ్ల తరబడి ఓడలెక్కినవాళ్లకి కూడా మొదటి రోజుల్లో తిప్పుతుంది, మందులున్నాయి, చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. సింధు సాధన లాంటి పరిశోధన ఓడ మీ నాన్నగారి బోటు ఊగినట్టు ఊగదు. అసలు పడని వాళ్లు ఒడ్డున, ల్యాబులో మొత్తం జీవితం పనిచేసినా ఎవరూ చిన్నచూపు చూడరు. ఇసుక, గెడ్డలు, చేపలు ఒడ్డునే దొరుకుతాయి కదా.

ఇక అమ్మగారు. ఓడ మీద ఆడపిల్ల అన్న భయం ఆవిడ ఒక్కరిదే కాదు, కొట్టిపారేయకు. ఎన్ఐఓలో పనిచేసిన అదితి పంత్ 1983లోనే సుదీప్తా సేన్‌గుప్తాతో కలిసి అంటార్కిటికా వెళ్లిన భారత బృందంలో ఉన్నారని చెప్పు. ఈ రోజు ఏ పరిశోధన యాత్రలోనూ అమ్మాయిలు వింత కాదు. చేరే ముందు ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయితో మీ అమ్మగారిని ఫోన్‌లో మాట్లాడించు. క్యాబిన్లు ఎలా ఉంటాయి, ఎంతమంది ఆడవాళ్లు వెళ్తారు, గైడు ఎలాంటివారు అని ఆవిడే అడగాలి. నా మాట కంటే ఆ పిల్ల మాట ఎక్కువ నమ్ముతారు.

బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు, కాబట్టి ఇప్పుడు నువ్వు అడగాల్సింది రెండేళ్ల ఎమ్మెస్సీ మాత్రమే. నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. ఆఖరి ఏడాదిలో, ఆ తర్వాతి ఏడాదిలో కలిపి నాలుగుసార్లు రాస్తానని, జేఆర్ఎఫ్ గానీ జీతమిచ్చే ప్రాజెక్టు ఉద్యోగం గానీ అప్పటికీ రాకపోతే బీఈడీలో చేరతానని అమ్మకి చెప్పు. అలా చెప్పాక ఆ గడువుకి కట్టుబడు. మీ నాన్నగారు వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఇంట్లోనే ఉంటారు. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవడానికి అదే వీలైన సమయం, పీజీసెట్ హడావుడి కూడా దాదాపు అప్పుడే.